ఘాటు రాలేదు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
కిలోకింతని కూలి.
ముక్కులకి పాత పమిట గుడ్డలు కట్టుకుని
నలభై ముగ్గురం
ఎర్ర కుప్పల మధ్య కూచుని తొడిమలు తీసేవాళ్ళం.

ముందు పడిపోయింది నేను.
ఆ పొద్దున ఏం తినలేదు.
ముందురోజు నా బస్తా అడుగున
తొడిమ తియ్యని కాయలు కూరానని
మేస్త్రీ అంకారావు కనిపెట్టాడు,
రేపు నీ సంగతి చూస్తానన్నాడు.
కళ్ళు తిరగడం నిజమే.
తర్వాత ఎంతకీ కళ్ళు తెరవకపోవడం మాత్రం
నేను చేసిన పని.

నీళ్ళు చల్లారు. ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించారు.
"ఏం కనపడిందే?" అంది ఎవరో.
ఏదో ఒకటి కనపడాలి కాబోలు అనుకున్నాను.
కళ్ళు తెరిస్తే ఎదురుగా శౌరమ్మ,
తన చెంబు నా నోటికి అందిస్తూ.
అందుకని ఆమె పేరు చెప్పాను.

మధ్యాహ్నానికి ఏడుగురు పడ్డారు.
మర్నాడు పంతొమ్మిది మంది.
గోవిందమ్మ కూతురు కళ్ళు తేలేసి
శౌరమ్మ గొంతుతో మాట్లాడిందన్నారు.
శౌరమ్మ గొంతు ఎలా ఉంటుందో
అప్పటిదాకా పట్టించుకున్నవాళ్ళు లేరు.
ఇక అందరికీ అన్నీ గుర్తొచ్చాయి:
పోయినేడు ఆమె పక్కన కూచున్న పిల్లకి కడుపు పోవడం,
ఒంటరిగా ఉండీ ఆమె ఏనాడూ అప్పడక్కపోవడం,
మా అందరికన్నా రోజూ నాలుగు కిలోలు ఎక్కువ తీయడం.
మనిషి చేతులైతే అంత తీస్తాయా?

నేనూ నమ్మాను. అది కూడా చెప్పాలి.
అబద్ధం నాదే అయినా
అంతమంది విరుచుకు పడిపోతుంటే
నాకు తెలియకుండా నిజమే చెప్పానేమో అనుకున్నాను.

పరీక్ష పెట్టారు.
మీ ఇళ్ళలోనూ ఉన్నదే:
ఎండు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వెయ్యడం.
ఘాటొస్తే ఏమీ లేనట్టు,
రాకపోతే ఉన్నట్టు.

కాయలకేం కొదవ మా దగ్గర!
తేజ రకం గుప్పెడు
పడినవాళ్ళ చుట్టూ మూడుసార్లు తిప్పి కుంపట్లో పోశారు.
చిటపటమన్నాయి. పొగ నల్లగా రేకులకంటింది.

ఒక్కరూ దగ్గలేదు.

పదేళ్ళు, పదిహేనేళ్ళు, కొందరు పాతికేళ్ళు
ఆ దుమ్ము మింగిన ముక్కులు వాళ్ళవి.
కూరలో కారం ఎక్కువైందని
మొగుడు కంచం విసిరితేగాని తెలియని నాలుకలు.
బయట లారీ క్లీనరు తుమ్మి తుమ్మి
"ఎవడ్రా లోపల కాల్చేది" అని బూతులు తిట్టాడు.
ఆ మాట షెడ్డులో అందరికీ వినపడింది.

నేను పనిలో చేరి ఆర్నెల్లే.
నాకు వచ్చింది ఘాటు.
దగ్గు గొంతు దాకా వచ్చింది.
పళ్ళ బిగువున మింగేశాను.
కళ్ళల్లో నీళ్ళు కారితే
"చూడండి, పిల్ల ఎంత భయపడిందో" అన్నారు.

పళ్ళూడగొడితే మంత్రం పలకదంటారు.
ముందరివి రెండు, పక్కది ఒకటి.
చుట్టూ మిరపకాయలే కదా,
నెత్తురు ఎక్కడ పడిందో కనపడలేదు.
ఆ రాత్రి నల్లపాడు స్టేషన్లో
నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాసింజరెక్కిందని
ఎవరో చూశామన్నారు.
చెంబు షెడ్డులోనే ఉండిపోయింది.
దాంతో ఎవరూ నీళ్ళు తాగలేదు, ఎవరూ పారెయ్యలేదు.

నా బస్తా సంగతి మేస్త్రీ మళ్ళీ ఎత్తలేదు.

ఏప్రిల్లో ఇంకో నలుగురు పడ్డారు.
ఓనరు రేకుల గోడకి రెండు కిటికీలు కోయించాడు.
ఆ తర్వాత ఎవరూ పడలేదు.

ఇప్పుడు నాకూ ఘాటు తెలియదు.
మనవడికి జ్వరమొస్తే
కోడలు కాయలు తిప్పి పొయ్యిలో వేసి
నా వంక చూస్తుంది: "వచ్చిందా అత్తా?"
ఏమీ తెలియకపోయినా
వెంటనే, గట్టిగా, పక్కింటికి వినపడేలా దగ్గుతాను,
ఎవరి పేరూ పైకి రాకముందే.